ఫెర్రిటిన్ వేలల్లో ఉందంటే

కోలారు, ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారుపేట, మాలూరు, కేజీఎఫ్. ఈ ఊళ్లలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఈ పూట నా మాటలు మీ కోసమే. ముఖ్యంగా ఇంటి దగ్గర పిల్లల్ని చూసుకునే అవ్వల కోసం.

మాట్లాడబోయేది ఒక రక్తపరీక్ష గురించి. దాని పేరు ఫెర్రిటిన్.

ఈ పేరు మీరు వినే ఉంటారు. 2021లో కోవిడ్ రెండోసారి విరుచుకుపడినప్పుడు ఇంటింటా ఇదే మాట. సీఆర్‌పీ ఎంత వచ్చింది, డీ-డైమర్ ఎంత, ఫెర్రిటిన్ ఎంత అని బంధువులు ఫోన్లు చేసి మరీ అడిగేవారు. ఆ తర్వాత మనం మరిచిపోయాం. పిల్లల ఎమర్జెన్సీ వార్డు మాత్రం మరిచిపోలేదు. డెంగీతోనో, స్క్రబ్ టైఫస్‌తోనో ప్రాణం మీదికి వచ్చిన బిడ్డకు ఈ పరీక్ష ఇప్పటికీ చేయిస్తూనే ఉన్నారు.

నాలుగేళ్ల పాప అనుకోండి. ఆరు రోజులుగా జ్వరం. మందు వేస్తే తగ్గుతుంది, మళ్లీ కాలిపోతుంది. ఆసుపత్రిలో చేర్చారు. సాయంత్రానికి పరీక్ష కాగితం వచ్చింది. అందులో ఒక వరుసలో సీరమ్ ఫెర్రిటిన్ 6,800 అని ఉంది. పక్కనే ఉండాల్సిన కొలత రాసి ఉంటుంది. అది నూట యాభై లోపే. కాగితం పట్టుకుని నాయన పరుగెత్తుకొస్తాడు. "మొన్న అంగన్‌వాడీలో పాపకు రక్తం తక్కువుంది, ఇనుము టానిక్కు తాపమనిరి. ఇప్పుడేమో ఇనుము వేలల్లో ఉందంటాండారు. టానిక్కు ఎక్కువైపోయిందా సార్?"

పిల్లల వార్డుల్లో ఈ ప్రశ్న తరచు వినిపిస్తుంది. చాలా న్యాయమైన ప్రశ్న. జవాబు మాత్రం, కాదు. టానిక్కు వల్ల కాదు. ఒంట్లో ఇనుము ఎక్కువై కాదు. ఆ పాపకు ఇప్పటికీ ఇనుము తక్కువే ఉండొచ్చు. మరి ఆ అంకె ఎందుకు అంత పైకి పోయింది? ఈ ఒక్క సంగతి తేటగా అర్థమైతే మిగతావన్నీ సులువుగా తెలుస్తాయి.

ఫెర్రిటిన్ అనేది ఇనుమును దాచిపెట్టే ప్రొటీన్. 1937లో విలెం లౌఫ్‌బెర్గర్ అనే చెక్ శాస్త్రవేత్త గుర్రం ప్లీహం నుంచి దీన్ని మొదటిసారి వేరుచేశారు. ఇది లోపల బోలుగా ఉంటుంది. కంటికి కనిపించనంత చిన్నది. అయినా ఒక్కోదాంట్లో 4,500 దాకా ఇనుప పరమాణువులు పడతాయి.

మన పక్క పాతకాలం ఇళ్లలో రాగుల పాతర ఉండేది. పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. భూమిలో గొయ్యి తవ్వి, గడ్డి పరిచి, రాగులు పోసి, మూత పెట్టి, పైన మన్ను కప్పేవారు. ఏళ్ల తరబడి పురుగు పట్టేది కాదు. ఊరి మీదికి దోపిడీగాళ్లు వస్తున్నారని తెలిసిందనుకోండి. ఇంట్లో గింజలన్నీ పాతరలోకి పోతాయి. దొంగకు దొరకవు. ఇంటివాళ్లకూ దొరకవు. పాతర నిండుగా ఉన్నా ఇంట్లో పొయ్యి వెలగదు.

మన ఒళ్లు కూడా ఇదే చేస్తుంది. రోగక్రిములు పెరగాలంటే వాటికి ఇనుము కావాలి. క్రిమి లోపలికి వచ్చిందని తెలియగానే రక్తంలో తిరిగే ఇనుమును ఒళ్లు తగ్గించేస్తుంది. ఫెర్రిటిన్‌లో పెట్టి మూత వేస్తుంది. క్రిమికి మేత దొరకదు. అదే సమయంలో ఎముక మూలుగకు రక్తం తయారుచేయడానికి కూడా ఇనుము అందదు. అందుకే ఫెర్రిటిన్ ఎక్కువ, రక్తం తక్కువ. రెండూ ఒకే బిడ్డలో కనిపిస్తాయి. ఇందులో వింతేమీ లేదు.

ఇది మామూలు జ్వరంలో జరిగేది. అప్పుడు ఫెర్రిటిన్ కొంచెం పెరుగుతుంది, మళ్లీ దిగుతుంది. జబ్బు చెయ్యి దాటినప్పుడు జరిగేది వేరు. క్రిమిని చంపడానికి బయలుదేరిన రక్షణ కణాలు ఆగవు. క్రిమి చచ్చినా ఆగవు. మన ఒంటి మీదే పడతాయి, లోపల మంట రేపుతాయి. ఆ మంటలో అవి ఫెర్రిటిన్‌ను రక్తంలోకి కుమ్మరిస్తాయి. దెబ్బతిన్న కాలేయం నుంచి కూడా అది బయటికి వస్తుంది. అంకె వేలల్లోకి పోయేది అప్పుడే. ఆ ఫెర్రిటిన్‌లో ఇనుము పెద్దగా ఉండను కూడా ఉండదు.

కాబట్టి ఒక మాట గట్టిగా పట్టుకోండి. ఫెర్రిటిన్ తక్కువ ఉందంటే దానికి ఒకటే అర్థం. ఇనుము తక్కువ. అందులో అనుమానం లేదు. ఫెర్రిటిన్ ఎక్కువ ఉందంటే మాత్రం దానికి చాలా అర్థాలు. జ్వరంతో ఉన్న బిడ్డలో అది ఇనుము లెక్క కాదు. ఒంట్లో ఎంత మంట రేగిందో చెప్పే లెక్క.

ఇందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో రెండు కొలతలు పెట్టింది. ఐదేళ్ల లోపు బిడ్డ ఆరోగ్యంగా ఉంటే ఫెర్రిటిన్ 12 కన్నా తక్కువైతే ఇనుము లోపం అన్నట్టు. అదే బిడ్డకు జ్వరమో ఇన్‌ఫెక్షనో ఉంటే 30 లోపున్నా లోపమే. ఎందుకంటే జబ్బు ఆ అంకెను పైకి తోస్తుంది, లోపాన్ని కప్పేస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం మన దేశంలో ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తం తక్కువ. జ్వరంలో వచ్చిన ఫెర్రిటిన్ అంకె చూసి, మా బిడ్డకు ఇనుము దండిగా ఉంది అని టానిక్కు కాలువలో పారబోస్తే ఆ బిడ్డకు నష్టం. జ్వరం ఉన్న నాలుగు రోజులు డాక్టరు టానిక్కు ఆపమనొచ్చు. అది వేరు. జ్వరం తగ్గాక మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో అడిగి తెలుసుకోండి.

ఒక మినహాయింపు ఉంది. తలసీమియా ఉన్న పిల్లలకు నెలనెలా రక్తం ఎక్కిస్తారు. ఎక్కించిన రక్తంలోని ఇనుము ఒంట్లో పేరుకుపోతుంది. వాళ్లలో ఫెర్రిటిన్ పెరిగితే అది నిజంగా ఇనుము పెరగడమే. దానికి వేరే మందులున్నాయి. ఈ పూట నేను చెప్పేది ఆ పిల్లల గురించి కాదు.

ఇప్పుడు అంకెల సంగతి. 500 దాటితే డాక్టరు మరింత జాగ్రత్తగా చూస్తారు. వేలల్లోకి పోతే మరీ జాగ్రత్త. 2011లో అమెరికాలోని సియాటిల్ వైద్యులు తమ ఆసుపత్రి పిల్లల లెక్కలు తీసి చూశారు. ఫెర్రిటిన్ 3,000 దాటిన పిల్లలకు ఐసీయూ అవసరం, ప్రాణాపాయం కూడా ఎక్కువని తేలింది. అంతకు ముందు 2008లో టెక్సస్ పిల్లల ఆసుపత్రి వాళ్లు ఇంకో సంగతి చెప్పారు. 10,000 దాటితే హెచ్.ఎల్.హెచ్. అనే జబ్బును గట్టిగా అనుమానించాలి అన్నారు. ఇందాక చెప్పానే, రక్షణ కణాలు అదుపు తప్పి మన మీదే పడతాయని. ఆ స్థితికి డాక్టర్లు పెట్టుకున్న పేరే హెచ్.ఎల్.హెచ్.

దాని లక్షణాలు చెబుతాను. జ్వరం విడవదు. పొట్టలో కుడివైపు కాలేయం, ఎడమవైపు ప్లీహం వాస్తాయి. పొట్ట ఉబ్బినట్టు కనిపిస్తుంది. ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ఎర్ర కణాలు, తెల్ల కణాలు కూడా పడిపోతాయి. ఫెర్రిటిన్ ఎగబాకుతుంది. డాక్టర్లు ఇవన్నీ కలిపి చూస్తారు. ఒక్క ఫెర్రిటిన్ చూసి ఏ డాక్టరూ ఈ జబ్బు పేరు చెప్పడు, చెప్పకూడదు కూడా. ఒట్టి కాలేయం దెబ్బతిన్నా అంకె వేలల్లోకి పోతుంది. రక్తంలో విషక్రిములు చేరినా పోతుంది. కోవిడ్ తర్వాత కొందరు పిల్లలకు వారాలు గడిచాక ఒంట్లో ఇలాంటి మంటే రేగే ఒక జబ్బు వచ్చింది. అందులోనూ పోయింది. అంకె పెద్దదైతే బిడ్డను ఇంకా దగ్గరగా కనిపెట్టుకోవాలి, కారణం వెతకాలి. అంతవరకే అది చెబుతుంది. అంతవరకు చెప్పడం కూడా చాలా పెద్ద మేలు.

మన కోలారు జిల్లాలో ఆ కారణాలు ఎక్కువగా ఏమిటి? డెంగీ. కర్ణాటక ప్రభుత్వం 2024 సెప్టెంబరులో డెంగీని అంటువ్యాధిగా నోటిఫై చేసింది. టైఫాయిడ్ ఉంది. క్షయ ఉంది. ఇంకొకటి స్క్రబ్ టైఫస్. దీని మీద కొంచెం ఎక్కువ సేపు మాట్లాడతాను. ఎందుకంటే దీన్ని కనిపెట్టడంలో ఇంటివాళ్ల కన్ను డాక్టరు కన్నుకు సాయపడుతుంది.

పొదల్లో, గట్ల మీద పెరిగిన గడ్డిలో కంటికి ఆననంత చిన్న పురుగు ఉంటుంది. టమాటా తోటలో అమ్మ కాయలు కోస్తుంటే బిడ్డ గట్టు మీద ఆడుకుంటుంది. మామిడి తోపులో మేకల వెంట తిరుగుతుంది. ఆ పురుగు కుడుతుంది. నొప్పి ఉండదు, దురద కూడా పెద్దగా ఉండదు. వారం పది రోజులకు జ్వరం మొదలవుతుంది. వానలు మొదలైనప్పటి నుంచి చలికాలం దాకా ఈ జ్వరాలు ఎక్కువ. పురుగు కుట్టినచోట చాలామందికి ఒక మచ్చ పడుతుంది. సిగరెట్టుతో చురక పెట్టినట్టు నడుమ నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రటి అంచు. బొట్టుబిళ్లంత ఉంటుంది. అది ఎక్కడ ఉంటుందంటే, మనం చూడని చోట. చంకలో, గజ్జల్లో, చెవి వెనుక, మొలతాడు కింద, జుట్టులో. నొప్పి లేదు కాబట్టి బిడ్డ చెప్పదు. డాక్టరు చొక్కా పైకెత్తి పొట్ట చూస్తాడు గాని మొలతాడు కింద ఆ తొందరలో చూడకపోవచ్చు. బిడ్డకు స్నానం చేయించే అవ్వ చూస్తుంది. అవ్వా, అలాంటి మచ్చ కనిపిస్తే గోకి తీసేయొద్దు. ఆకుపసరు రాయొద్దు. డాక్టరుకు చూపించు. ఆ మచ్చ చూస్తే డాక్టరు డాక్సీసైక్లినో, అజిత్రోమైసినో వెంటనే మొదలుపెడతాడు. ఫెర్రిటిన్ వేలల్లో ఉన్న బిడ్డ కూడా సరైన మందు సమయానికి పడితే రెండు మూడు రోజుల్లో కోలుకోవడం చూస్తాం. మచ్చ లేదని ఈ జ్వరం కాదనుకోవడానికి వీల్లేదు. ఉంటే మాత్రం అదే పెద్ద ఆధారం.

అవ్వలు అని ఇన్నిసార్లు ఎందుకంటున్నానో కేజీఎఫ్ వాళ్లకు చెప్పనక్కర్లేదు. 2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతపడ్డాయి. గని కుటుంబాలు నమ్ముకున్న కంపెనీ ఆసుపత్రికి పాత వెలుగు పోయింది. పని కోసం బెంగళూరు పోక తప్పలేదు. మారికుప్పంలో, ఛాంపియన్‌లో, ఊరుగాంలో తెల్లవారుజామున రైలెక్కితే ఇల్లు చేరేది రాత్రికే. పగలంతా బిడ్డ అవ్వ దగ్గరే. జ్వరం ఎప్పుడు పెరిగింది, ఒంటికి ఎప్పుడు పోసింది, ఎన్నిసార్లు వాంతి అయింది, తెలిసేది ఆమెకే. ఎమర్జెన్సీకి పోయేటప్పుడు ఆమెను ఇంట్లో వదిలి పోవద్దు. ఆమెకు అక్షరాలు రాకపోవచ్చు. డాక్టరుకు కావలసిన సమాచారం ఆమె దగ్గరే ఉంది.

పరీక్ష అంకె కోసం ఇంట్లో ఎదురుచూడొద్దు. ఫెర్రిటిన్ చేయిద్దాం, ఎక్కువొస్తే పోదాం అనుకోవద్దు. ముందు బిడ్డను చూడండి. బిడ్డ మత్తుగా పడి ఉందా? పిలిస్తే పలకడం లేదా? నుదురు కాలుతున్నా కాళ్లు చేతులు చల్లగా ఉన్నాయా? ఎగశ్వాస వస్తోందా? ఆరు గంటలైనా ఒంటికి పోయలేదా? తాగింది తాగినట్టు కక్కేస్తోందా? చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం వస్తోందా? విరేచనం నల్లగా అయిందా? కళ్లు పచ్చబడ్డాయా? ఫిట్స్ వచ్చాయా? ఇందులో ఏ ఒక్కటి ఉన్నా తెల్లవారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి. డెంగీలో ఇంకో మెలిక ఉంది. జ్వరం దిగినప్పుడే ప్రమాదం మొదలవుతుంది. మూడో రోజు నుంచి ఏడో రోజు దాకా, జ్వరం తగ్గింది, బిడ్డ మాత్రం వడలిపోయింది అంటే అది నిమ్మళం కాదు.

ఎక్కడికి పోవాలి? కోలారులో ఎస్.ఎన్.ఆర్. జిల్లా ఆసుపత్రి ఉంది. టమకలో దేవరాజ్ అర్స్ మెడికల్ కాలేజీకి చెందిన ఆర్.ఎల్. జాలప్ప ఆసుపత్రి ఉంది. ఇంకా పెద్ద వైద్యం కావాలంటే బెంగళూరులో వాణీ విలాస్, ఇందిరా గాంధీ పిల్లల ఆసుపత్రి ఉన్నాయి. మీ ఊరి డాక్టరు పెద్దాసుపత్రికి పొమ్మంటే, చేతకాక పంపుతున్నాడని అనుకోకండి. సమయానికి పంపే డాక్టరు బిడ్డకు సగం వైద్యం చేసినట్టే.

పోయేటప్పుడు కాగితాలు తీసుకుపోండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఇలాంటి జబ్బుల్లో ఇదే ప్రాణాధారం కావచ్చు. ఫెర్రిటిన్ ఒక్కసారి ఎంత ఉందన్నది ఒక ఎత్తు, అది ఎటు పోతోందన్నది ఇంకో ఎత్తు. పొద్దున 2,000 ఉంది, మర్నాటికి 9,000 అయింది. ఆ బిడ్డ ప్రమాదంలోకి పోతోంది. మొన్న 9,000 ఉంది, నేడు 4,000కు దిగింది. మందు పనిచేస్తోంది. 4,000 అన్న అంకె ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. పక్కన పాత అంకె ఉంటేనే తెలుస్తుంది. ఆ పాత కాగితం ముళబాగిలు క్లినిక్కులో ఉండిపోయి, బిడ్డ బెంగళూరులో ఉంటే లాభమేముంది? ప్రతి కాగితం మీద తేదీ, వేళ ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే పెన్నుతో రాయించుకోండి. ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. ఏ మందు ఎప్పుడిచ్చారో ఆ చీటీ కూడా.

ఆ కాగితంలో ఒక్కోసారి అంకె ముందు ఒక గుర్తు ఉంటుంది. 2,000 కన్నా ఎక్కువ అని. అంటే 2,001 అనుకోకండి. ఆ యంత్రం చూడగలిగింది అంతవరకే అని అర్థం. అసలు అంకె 3,000 కావచ్చు, 30,000 కావచ్చు. రక్తాన్ని పలుచన చేసి మళ్లీ కొలిస్తే అసలు లెక్క తెలుస్తుంది. అలాంటి కాగితం మీ చేతికొస్తే డాక్టరును అడగండి, పలుచన చేసి మళ్లీ చూడాలా సార్ అని. అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు.

చేయకూడనిది ఒకటుంది. జ్వరం తగ్గడం లేదని ఎవరో ఒకరి దగ్గర స్టెరాయిడ్ సూది వేయించకండి. సూది వేస్తే జ్వరం చప్పున దిగుతుంది, నిజమే. అందుకే దాని మీద మనకు గురి. హెచ్.ఎల్.హెచ్.లో పెద్ద డాక్టర్లు వాడేది కూడా స్టెరాయిడ్డే. కానీ వాళ్లు ముందు రక్తం చూస్తారు, అవసరమైతే ఎముక మూలుగ తీసి చూస్తారు. ఎందుకంటే కొందరు పిల్లల్లో ఇదంతా రక్త క్యాన్సరు వల్ల వస్తుంది. ముందే స్టెరాయిడ్ పడితే ఆ క్యాన్సరు కొన్నాళ్లు కంటికి కనిపించకుండా దాక్కుంటుంది. క్షయ ఉంటే మరీ రెచ్చిపోతుంది. మందు ఒకటే. పరీక్షకు ముందు వేస్తే ముప్పు, పరీక్ష తర్వాత వేస్తే రక్ష. ఏ సూది వేశారో తెలియకపోతే, తెలియదు గాని ఒక సూది వేశారు అని ఆసుపత్రిలో చెప్పండి. దాచకండి. డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఒళ్లు నొప్పులకు ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ కూడా వద్దు. పారాసెటమాల్ చాలు.

చివరగా మన ఇళ్లలో పెదవి విప్పని సంగతి ఒకటి. మన పక్క మేనరికాలు ఎక్కువ. మేనమామకు ఇస్తాం, మేనత్త కొడుక్కి ఇస్తాం. నేను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. హెచ్.ఎల్.హెచ్.లో ఒక రకం పుట్టుకతోనే వస్తుంది. తల్లిలో ఒక లోపమున్న జన్యువు, తండ్రిలో అదే లోపమున్న జన్యువు ఉండి, రెండూ బిడ్డకు చేరితే వస్తుంది. దగ్గరి సంబంధాల్లో అలా చేరే అవకాశం ఎక్కువ. తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు. వాళ్ల తప్పేమీ ఉండదు. సాధారణంగా ఏడాది రెండేళ్ల లోపు బిడ్డలో బయటపడుతుంది. మామూలు జ్వరంలాగే మొదలవుతుంది, ఫెర్రిటిన్ వేలల్లోకి పోతుంది. తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెడుతుంది. మందులతో అదుపు చేసి, తర్వాత మూలకణ మార్పిడి చేస్తేనే బిడ్డ నిలబడుతుంది. ఆ వైద్యం బెంగళూరులో ఉంది, వెల్లూరులో ఉంది.

ఈ రకాన్ని త్వరగా పట్టుకోవాలంటే డాక్టరుకు రెండు సంగతులు తెలియాలి. మీది మేనరికమా? అంతకు ముందు ఒక బిడ్డ జ్వరం వచ్చి, పొట్ట ఉబ్బి, పసితనంలోనే పోయిందా? ఆ రెండో ప్రశ్నకు జవాబు చెప్పడం ఏ తల్లికైనా కష్టం. చాలా ఇళ్లలో ఆ బిడ్డ పేరు కూడా ఎత్తరు. ఊరి కన్ను తగిలిందని, దేవుడు తీసుకుపోయాడని పెద్దవాళ్లు సర్దిచెప్పి ఉంటారు. అమ్మా, ఈ ఒక్కసారి చెప్పండి. పది మంది ముందు చెప్పలేకపోతే డాక్టరును పక్కకు పిలిచి చెప్పండి. నర్సమ్మకు చెప్పినా సరే. ఆ మాట వింటే వాళ్లు జన్యు పరీక్షకు రక్తం పంపుతారు. ఇప్పుడు మంచం మీద ఉన్న బిడ్డకు ఏ వైద్యం కావాలో తేలుతుంది. రేపు మీరు మళ్లీ గర్భం దాలిస్తే, కడుపులో ఉండగానే బిడ్డను పరీక్షించే వీలుంటుంది. డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.